ఈ-క్యాట్ డబ్బాలో నిజంగానే అదనపు వేడి పుట్టి ఉంటే, లోపల ఏం జరిగి ఉండొచ్చు?

నికెల్_పొడి:

అందరికీ నమస్తే. ఈ మధ్య కోల్డ్ ఫ్యూజన్ (విపరీతమైన వేడి లేకుండానే న్యూక్లియస్‌లు కలిసి ఎనర్జీ ఇస్తాయన్న వాదన) పాత గొడవలన్నీ మళ్ళీ తిరగేస్తున్నా, అందులో నన్ను అస్సలు వదలనిది ఆండ్రియా రోస్సీ తెచ్చిన ఈ-క్యాట్ అనే వేడి పుట్టించే డబ్బా. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తా. 2011 జనవరిలో ఇటలీలోని బొలోన్యాలో రోస్సీ, అక్కడి యూనివర్సిటీలో ఫిజిక్స్ ప్రొఫెసర్‌గా చేసిన సెర్జియో ఫొకార్డి కలిసి ఒక డెమో ఇచ్చారు. సన్నటి నికెల్ పొడి, ప్రెషర్‌లో హైడ్రోజన్ గ్యాస్, పేరు చెప్పని ఒక కాటలిస్ట్, చుట్టూ కరెంటు హీటర్. కొన్ని వందల వాట్ల కరెంటు లోపలికి పోతే కిలోవాట్లలో వేడి బయటికి వస్తోందని, ఒక గొట్టంలోంచి నీళ్ళు పంపి అవతల ఆవిరి చూపించారు. నికెల్ న్యూక్లియస్‌లోకి ప్రోటాన్ దూరి రాగిగా మారుతోంది, వేడి అక్కడినుంచే వస్తోంది అన్నది వాళ్ళ వివరణ.

ఆ తర్వాత 2014లో లుగానో రిపోర్టు వచ్చింది. స్విట్జర్లాండ్‌లో 32 రోజులు నడిపారు, ఒక గ్రాము ఇంధనం నుంచి 1.5 మెగావాట్-అవర్ అదనపు ఎనర్జీ వచ్చిందని రాశారు. ఇది నిజమైతే మాత్రం కెమిస్ట్రీ కాదు. గ్రాము పెట్రోల్ తగలబెడితే 46 కిలోజౌళ్ళ దాకా వస్తుంది, ఇక్కడ వాళ్ళు చెప్తున్నది 54 లక్షల కిలోజౌళ్ళు, అంటే లక్ష రెట్ల పైమాట. ఏ బ్యాటరీ, ఏ మంటా దాని దరిదాపుల్లోకి రావు.

నా ప్రశ్న ఇది. రోస్సీ మంచోడా చెడ్డోడా అన్నది కాసేపు పక్కన పెట్టండి, దాని మీద అందరూ చాలానే కొట్టుకున్నారు. వేడి నిజమే అనుకుని మొదలుపెడితే మనకి తెలిసిన ఫిజిక్స్‌లో దానికి దారి ఏదైనా ఉందా? నికెల్-హైడ్రోజనేనా, లిథియమా, న్యూట్రాన్లా? ఒక్కో దారి పట్టుకుని ఎంతదాకా వెళ్తుందో చూడాలని ఉంది. లెక్కలతో చెప్పేవాళ్ళు ఉంటే ఇంకా సంతోషం.

లాటిస్:

మంచి ప్రశ్న అండి, ఇలా అడిగితేనే మాట్లాడటానికి ఏదైనా ఉంటుంది.

మొదటి అడ్డంకి కూలంబ్ గోడ. నికెల్‌లో 28 ప్రోటాన్లు ఉంటాయి, బయటినుంచి వచ్చే ప్రోటాన్‌ని అవి నెట్టేస్తాయి, ఆ గోడ ఎత్తు సుమారు 6 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు (అణువుల స్థాయిలో ఎనర్జీ కొలిచే యూనిట్). 1000 డిగ్రీల వేడిలో ఒక అణువుకి ఉండే ఎనర్జీ 0.1 ఎలక్ట్రాన్ వోల్ట్ చుట్టూ. సూర్యుడి నడిబొడ్డున కోటిన్నర డిగ్రీల్లో కూడా వెయ్యి పైచిలుకు ఎలక్ట్రాన్ వోల్టులే. అంటే గోడ ఎక్కి దూకడం కుదరదు, క్వాంటం టన్నెలింగ్‌తో దాన్ని తొలుచుకుని పోవాలి. ఆ అవకాశం ఛార్జ్ పెరిగేకొద్దీ ఘోరంగా పడిపోతుంది.

దీంతో పోలిస్తే 1989లో యూటా యూనివర్సిటీలో ఫ్లైష్‌మన్, పాన్స్ చెప్పిన పల్లాడియం మెటల్-డ్యూటీరియం (ఒక న్యూట్రాన్ ఎక్కువున్న హైడ్రోజన్) కేసు చాలా సులువైనది, అక్కడ ఒక్కో ప్రోటాన్ ఛార్జే కదా. అయినా అదే ఏడాది కూనిన్, నావెన్‌బర్గ్ లెక్కకట్టి, మామూలు డ్యూటీరియం మాలిక్యూల్‌లో ఫ్యూజన్ రేటు సెకనుకు 10 పవర్ మైనస్ 64 దగ్గర ఉంటుందని తేల్చారు. పల్లాడియంలోకి డ్యూటీరియం కుక్కితే అవి ఒకదానికొకటి దగ్గరవుతాయని చాలామంది అనుకుంటారు, నిజానికి పూర్తిగా నిండిన పల్లాడియంలో పక్కపక్క డ్యూటీరియాల మధ్య దూరం 2.8 ఆంగ్‌స్ట్రామ్‌ల చుట్టూ ఉంటుంది, గ్యాస్ మాలిక్యూల్‌లో 0.74 మాత్రమే. కుక్కితే దూరమయ్యాయి! ఇది నాకు మొదటిసారి చదివినప్పుడు చాలా ఆశ్చర్యం వేసింది.

మరి ఆశ ఎక్కడుంది అంటే స్క్రీనింగ్‌లో. మెటల్‌లో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు రెండు పాజిటివ్ ఛార్జ్‌ల మధ్య చేరి గోడని కొంచెం తగ్గిస్తాయి. ఇది ఊహ కాదు, యాక్సిలరేటర్లతో కొలిచారు. డ్యూటీరియం గ్యాస్‌లో ఈ ఎఫెక్ట్ పాతిక ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉంటే, పల్లాడియం లాంటి మెటల్స్‌లో కొన్ని వందల ఎలక్ట్రాన్ వోల్టులు వచ్చింది. థియరీ చెప్పినదానికంటే చాలా ఎక్కువ, ఎందుకో ఇప్పటికీ సరిగ్గా తేలలేదు. నాకు అసలైన ఫిజిక్స్ ఇక్కడే దాగి ఉందనిపిస్తుంది.

ఇంకొకటి, "చల్లటి ఫ్యూజన్" ప్రకృతిలో అసలు జరగదు అనేది తప్పు మాట. మ్యూవాన్ ఫ్యూజన్ జరుగుతుంది, అల్వారెజ్ బృందం 1956లోనే చూసింది. ఎలక్ట్రాన్ స్థానంలో 207 రెట్లు బరువైన మ్యూవాన్ కూర్చుంటే రెండు న్యూక్లియస్‌లు అంతే నిష్పత్తిలో దగ్గరికొచ్చి, ఏ వేడీ లేకుండానే కలిసిపోతాయి. సమస్యల్లా మ్యూవాన్ 2.2 మైక్రోసెకన్లలో చచ్చిపోతుంది, ఆలోపు మహా అయితే 150 ఫ్యూజన్లు చేయిస్తుంది, దాన్ని పుట్టించడానికి అయ్యే ఖర్చు కూడా తిరిగి రాదు. అంటే "న్యూక్లియస్‌లని దగ్గరికి తెచ్చే బరువైన ఎలక్ట్రాన్" లాంటిది మెటల్‌లో ఉంటే పని అవుతుంది. ఉందా అన్నదే ప్రశ్న. కొన్ని వందల ఎలక్ట్రాన్ వోల్టుల స్క్రీనింగ్‌తో డ్యూటీరియంకి రేటు ఎన్నో రెట్లు పెరుగుతుంది, కానీ 28 ప్రోటాన్ల నికెల్‌కి అది ఏ మూలకీ చాలదు.

సీసం_గోడ:

లాటిస్ గారు గోడ దాటడం గురించి చెప్పారు. నేను అది దాటేశారు అనే అనుకుంటా, ఎలా దాటారో అడగను. దాటాక ఏం కనపడాలి అన్నది నా పాయింట్. ఎందుకంటే గోడ ఎలా దాటినా, పుట్టిన న్యూక్లియస్‌కి అది తెలియదు. దాని లెక్కలు దానికుంటాయి.

మామూలు నికెల్‌లో 68 శాతం నికెల్-58 (ఆ నంబర్ ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపిన లెక్క, అది మారితే అదే మూలకానికి ఇంకో ఐసోటోప్), 26 శాతం నికెల్-60, ఇక 62 అనేది 3.6 శాతమే, 64 ఒక శాతం లోపు. నికెల్-58లోకి ప్రోటాన్ దూరితే కాపర్-59 అవుతుంది, దాని హాఫ్‌లైఫ్ (సగం అణువులు మారిపోవడానికి పట్టే టైమ్) నిమిషంన్నర కూడా లేదు, పాజిట్రాన్ (పాజిటివ్ ఛార్జ్ ఉన్న ఎలక్ట్రాన్ లాంటి కణం) వదులుతుంది. నికెల్-60 అయితే కాపర్-61, హాఫ్‌లైఫ్ 3.3 గంటలు, అదీ పాజిట్రానే ఎక్కువ వదులుతుంది. పాజిట్రాన్ పక్కనున్న ఎలక్ట్రాన్‌ని తగిలిందంటే 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాలు (ఎక్స్-రేల లాంటివే, ఇంకా బలమైనవి) రెండు, ఎదురెదురు దిక్కుల్లో. ఇది తప్పించుకోలేని సంతకం.

ఎన్ని వస్తాయో చూద్దాం. ఒక్కో రియాక్షన్‌కి 6 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు వేసుకుంటే 10 కిలోవాట్లకి సెకనుకి 1 పక్కన 16 సున్నాలన్ని రియాక్షన్లు కావాలి. చుట్టూ 5 సెంటీమీటర్ల సీసం కట్టారనుకోండి, 511 గామాలని అది ఐదారు వేల రెట్లు తగ్గిస్తుంది. తగ్గించాక కూడా సెకనుకి లక్ష కోట్ల పైన బయటికొస్తాయి! పక్కన నిలబడి ఫొటోలు దిగే పరిస్థితి ఉండదు. పైగా స్విచ్ ఆపేశాక కాపర్-61 వల్ల గంటల తరబడి ఆ గామాలు వస్తూనే ఉండాలి. బొలోన్యా డెమోలో గామా కొలిచినప్పుడు చుట్టూ ఎప్పుడూ ఉండే బ్యాక్‌గ్రౌండ్‌కి మించి ఏమీ కనపడలేదు.

నికెల్-62, 64 మాత్రమే రియాక్ట్ అవుతాయి, మిగతావి కావు అని రోస్సీ వైపు ఒక వాదన ఉంది, అవి స్థిరమైన కాపర్-63, 65గా మారతాయి కాబట్టి పాజిట్రాన్లు ఉండవు అని. సరే ఒప్పుకుందాం. అప్పుడు కూడా 62 నుంచి 63కి వెళ్ళేటప్పుడు 6.1 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు గామాగానే బయటపడాలి, ఇది ఇంకా చొచ్చుకుపోయే రకం. పోనీ గామా సంగతి కూడా వదిలేయండి, బూడిద చూడండి. వాడేసిన పొడిని స్వీడన్ వాళ్ళకి ఇస్తే వాళ్ళు అందులో 10 శాతం దాకా రాగి కనుక్కున్నారు, ఇనుము కూడా. రాగి దొరికిందని అప్పట్లో పెద్ద సంబరం. కానీ ఆ రాగిలో 63, 65ల నిష్పత్తి భూమ్మీద ఎక్కడైనా దొరికే రాగిలో ఉన్నట్టే ఉంది, అంటే 69కి 31. మామూలు నికెల్‌లోని 62, 64 నుంచి పుట్టి ఉంటే 80కి 20 చుట్టూ రావాలి. అసలు మామూలు నికెల్‌లో ఈ రెండూ కలిపి నాలుగున్నర శాతమే కదా, 10 శాతం రాగి ఎక్కడినుంచి వస్తుంది? ముందే 62, 64 ఎక్కువ చేసిన నికెల్ వాడారంటే, అప్పుడు మిగిలిన నికెల్‌లో ఆ తేడా కనపడాలి, అదీ మామూలుగానే ఉంది. నా మటుకు నికెల్ నుంచి రాగి అన్న దారి ఇక్కడితో మూసుకుపోయింది.

నికెల్_పొడి:

సీసం_గోడ గారూ, చాలా థాంక్స్, 80-20 లెక్క నేను ఎక్కడా చూడలేదు.

కానీ లుగానోలో కథ మారింది కదా. అక్కడ రాగి మాటే లేదు. ఇంధనంలో నికెల్‌తో పాటు లిథియం, అల్యూమినియం, హైడ్రోజన్ ఉన్నాయి, లిథియం అల్యూమినియం హైడ్రైడ్ కలిపారని అందరి అంచనా. 32 రోజుల తర్వాత చూస్తే లిథియం-7 తొంభై పైచిలుకు శాతం నుంచి 8కి పడిపోయింది, నికెల్ అయితే దాదాపు 99 శాతం నికెల్-62 అయిపోయింది. ఇక్కడ ఐసోటోప్‌లు నిజంగానే మారాయి. లిథియం-7, ప్రోటాన్ కలిస్తే రెండు ఆల్ఫాలు (హీలియం న్యూక్లియస్‌లు) వస్తాయని, న్యూట్రాన్ గానీ గామా గానీ ఉండదని చదివా. మరి రేడియేషన్ కనపడకపోవడానికి ఇది సరిపోతుందా? లేదా లిథియం తన న్యూట్రాన్‌ని నికెల్‌కి ఇచ్చేస్తోందా?

ఆల్ఫా_కణం:

ఈ లిథియం దారి నాకు చాలా ఇష్టమైన దారి, కాబట్టి కాస్త నిదానంగా రాస్తా.

లిథియం-7 ప్లస్ ప్రోటాన్ అంటే 1932లో కేంబ్రిడ్జ్‌లో కాక్‌క్రాఫ్ట్, వాల్టన్ చేసిన ప్రయోగమే, మనిషి యాక్సిలరేటర్‌తో న్యూక్లియస్‌ని పగలగొట్టిన మొదటిసారి. 17.3 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు వస్తాయి, రెండు ఆల్ఫాలు చెరి సగం పంచుకుంటాయి. లిథియంలో మూడే ప్రోటాన్లు, గోడ నికెల్ కంటే చాలా తక్కువ. ఆల్ఫాలు మెటల్‌లో కొన్ని పదుల మైక్రాన్లలోనే ఆగిపోయి వేడి ఇస్తాయి, బయటికి రావు. కాగితం మీద చూస్తే ఇంతకంటే అందమైన ఇంధనం లేదు. నేనే ఒక డిజైన్ చెయ్యాల్సొస్తే ఇదే పట్టుకుంటా.

చిక్కు ఎక్కడంటే, పుట్టిన ఆల్ఫా ఒంటరిగా లేదు, చుట్టూ అల్యూమినియం ఉంది. ఇంధనంలో ఉంది, రియాక్టర్ గొట్టమే అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్). 8.7 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల ఆల్ఫా అల్యూమినియంని కొడితే ఏమవుతుందో 1934లో ఐరీన్, ఫ్రెడెరిక్ జోలియో-క్యూరీలు చూపించారు: ఒక న్యూట్రాన్ బయటికొస్తుంది, రేడియోయాక్టివ్ ఫాస్ఫరస్-30 మిగులుతుంది. దాని హాఫ్‌లైఫ్ రెండున్నర నిమిషాలు, మళ్ళీ పాజిట్రాన్, మళ్ళీ 511. కృత్రిమ రేడియోయాక్టివిటీ కనుక్కున్నదే ఈ రియాక్షన్‌తో.

లుగానోలో చెప్పిన అదనపు పవర్ సగటున 2 కిలోవాట్లు. దానికి సెకనుకి 1 పక్కన 15 సున్నాల పైన ఆల్ఫాలు పుట్టాలి. అందులో పది లక్షల్లో ఒక్కటే అల్యూమినియంలోంచి న్యూట్రాన్ తీసిందనుకున్నా, నిజానికి ఈ ఎనర్జీలో అంతకంటే ఎక్కువే తీస్తుంది, సెకనుకి వంద కోట్ల న్యూట్రాన్లు. గదిలో ఉన్న డిటెక్టర్ అరుస్తుంది. రిపోర్టులో మాత్రం బ్యాక్‌గ్రౌండ్‌కి మించి రేడియేషన్ లేదనే ఉంది. శుభ్రమైన రియాక్షన్ అయినా చుట్టుపక్కల వాటితో కలిసి శుభ్రంగా ఉండదు, ఈ సంగతి చాలా థియరీల్లో మర్చిపోతారు.

ఇక న్యూట్రాన్ చేతులు మారడం. లిథియం-7 ఒక న్యూట్రాన్‌ని నికెల్-58కి ఇస్తే 1.7 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు మిగులుతుంది, కాబట్టి ఎనర్జీ పరంగా అనుమతి ఉంది. వరసగా 58, 59, 60, 61, 62 అని ఎక్కుతూ పోవచ్చు. అయితే 62 దగ్గర ఎందుకు ఆగాలి? ఇంకా విచిత్రం, మొదట్లో ఒక శాతం దగ్గర ఉన్న నికెల్-64 కూడా బూడిదలో కనపడలేదు. కిందున్నవి న్యూట్రాన్లు తీసుకుని పైకి రావాలి, పైనున్నది న్యూట్రాన్లు వదిలి కిందికి రావాలి, అన్నీ సరిగ్గా 62లో కలుసుకోవాలి. నికెల్-62 అన్ని న్యూక్లియస్‌లలోకీ గట్టిగా బంధించి ఉండేది, అందుకని అన్నీ అటే జారాయి అని ఒకరు వాదించొచ్చు, కానీ అలా రెండు దిక్కుల్లోనూ పనిచేసే మెకానిజం నాకు ఒక్కటీ తట్టలేదు.

అన్నిటికంటే నన్ను ఆపేసింది ఇంకొకటి. చివరికి నికెల్-58, 60 దాదాపు అయిపోయాయి. ఇంధనం 99 శాతం కాలిపోయిన పొయ్యి చివరి రోజు దాకా అదే మంట ఎలా ఇస్తుంది? పవర్ మెల్లగా తగ్గుతూ రావాలి. తగ్గలేదు. పరీక్షకి ఇచ్చినవి కొన్ని మిల్లీగ్రాములే, ఇంధనం వేసేటప్పుడూ తీసేటప్పుడూ రోస్సీ అక్కడే ఉండి చెయ్యి వేశారని రిపోర్టులోనే రాశారు. నికెల్-62 వేరుచేసింది డబ్బిచ్చి కొనుక్కోదగ్గ వస్తువే. ఎవరి మీదా నింద వెయ్యట్లేదు, ఆ నమూనా డబ్బాలోనే పుట్టిందని నమ్మడానికి కావాల్సిన కాపలా లేదు అంటున్నా అంతే.

న్యూట్రాన్_వేట:

విడమ్-లార్సెన్ థియరీ గురించి ఎవరూ అనలేదేంటి? కూలంబ్ గోడ గొడవే లేదు అందులో. మెటల్ ఉపరితలం మీద ఎలక్ట్రాన్, ప్రోటాన్ కలిసి చాలా నెమ్మదైన న్యూట్రాన్‌గా మారతాయి, న్యూట్రాన్‌కి ఛార్జ్ లేదు కాబట్టి ఏ న్యూక్లియస్‌లోకైనా నేరుగా దూరిపోతుంది.

లాటిస్:

ఆ థియరీ గోడని తప్పించుకున్న మాట నిజమే, కానీ దానికి బదులు ఇంకో గోడ పెట్టుకుంది. ప్రోటాన్, ఎలక్ట్రాన్ కలిసి న్యూట్రాన్ అవ్వాలంటే 0.78 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు బయటినుంచి ఇవ్వాలి. మెటల్‌లో ఎలక్ట్రాన్లకి ఉండేది కొన్ని ఎలక్ట్రాన్ వోల్టులు. ఉపరితలం మీద ఎలక్ట్రాన్లు గుంపుగా ఊగి ఆ ఎనర్జీ ఒక్కదాని మీదకి చేరుస్తాయి అంటారు, హీటర్‌తో వేడిచేసిన పొడిలో లక్షల రెట్లు ఒకచోట ఎలా పోగవుతుందో నమ్మబుద్ధి కాదు. న్యూట్రాన్ పుట్టినా అది దూరిన దాదాపు ప్రతి న్యూక్లియస్ గామా వదలాలి, ఆ గామాలన్నిటినీ బరువైన ఎలక్ట్రాన్లే మింగేస్తాయని ఇంకో ఊహ జోడించాలి. అంత బాగా గామాని మింగే పొర నిజంగా ఉంటే దాన్ని విడిగా పరీక్షించడం చాలా తేలిక, ఒక మామూలు గామా సోర్స్ వెనక పెట్టి చూస్తే చాలు.

కెలోరీ:

మీరంతా వేడి నిజమే అనుకుని బూడిదలో వెతుకుతున్నారు, బాగుంది, కానీ వేడి కొలతే ఎంత గట్టిదో ఒకసారి చూడండి, ఎందుకంటే రెండుసార్లూ చిక్కు ఒకేచోట ఉంది: సులువుగా కొలిచే పద్ధతి వదిలేసి కష్టమైనది ఎంచుకున్నారు.

2011 డెమోల్లో ఆవిరి. గంటకి 7 కిలోల నీళ్ళు పంపుతున్నారనుకోండి. 20 డిగ్రీల నుంచి 100కి తేవడానికి 650 వాట్లు చాలు. అదే నీళ్ళన్నీ ఆవిరి చెయ్యాలంటే మొత్తం 5 కిలోవాట్లు కావాలి, ఆవిరవడానికి కిలోకి 2257 కిలోజౌళ్ళు తింటుంది కాబట్టి. రెండు సందర్భాల్లోనూ థర్మామీటర్ చూపించేది 100 డిగ్రీలే! కాబట్టి గొట్టంలోంచి బయటికొచ్చింది పొడి ఆవిరా, నీటి తుంపర్లు మోసుకొచ్చిన తడి ఆవిరా అన్నదాని మీదే ఎనిమిది రెట్ల తేడా ఆధారపడి ఉంది. గాల్లో తేమ కొలిచే ప్రోబ్ పెట్టి పొడి ఆవిరే అన్నారు, అది ఆ పని చెయ్యలేదు. ఆవిరి తన నీళ్ళకంటే 1600 రెట్ల పైన చోటు తీసుకుంటుంది, కాబట్టి బరువులో సగం ఇంకా నీళ్ళే ఉన్నా ఘనపరిమాణంలో చూస్తే మొత్తం ఆవిరే అన్నట్టు కనపడుతుంది. నీళ్ళ ప్రవాహం పెంచి, 60 డిగ్రీల దగ్గరే ఉంచి, మరగనివ్వకుండా కొలిచి ఉంటే ఈ వాదనే ఉండేది కాదు.

లుగానోలో నీళ్ళే లేవు, ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో గొట్టం పైభాగం వేడి చూసి లెక్కకట్టారు. ఆ కెమెరా 7.5 నుంచి 13 మైక్రాన్ల మధ్య కాంతినే చూస్తుంది. అల్యూమినా ఆ భాగంలో బాగా, అంటే 0.9 పైన ఎమిసివిటీతో (అదే వేడిలో పూర్తి నల్లటి వస్తువుతో పోలిస్తే ఎంత వెలుగు ఇస్తుందన్న లెక్క) వెలుగు ఇస్తుంది. అన్ని తరంగదైర్ఘ్యాలూ కలిపి చూస్తే ఎక్కువ వేడిలో 0.4 చుట్టూ ఉంటుంది. వాళ్ళు కెమెరాకి ఇచ్చింది రెండో నంబర్. తక్కువ ఎమిసివిటీ ఇస్తే కెమెరా "ఓహో ఇంత వెలుగొచ్చిందంటే వస్తువు ఇంకా చాలా వేడిగా ఉందన్నమాట" అని టెంపరేచర్ పెంచి చూపిస్తుంది. రేడియేషన్ లెక్క కెల్విన్ టెంపరేచర్ నాలుగో ఘాతంతో పోతుంది కదా, 10 శాతం తప్పు 46 శాతం అయి కూర్చుంటుంది. దీన్ని సరిచేసి మళ్ళీ లెక్క వేసినవాళ్ళకి పెట్టిన కరెంటుకి వచ్చిన వేడి 3.2, 3.6 రెట్లు అని చెప్పిన నిష్పత్తి 1 దగ్గరికి వచ్చేసింది. ఇంకో లోటు, ఇంధనం లేని ఖాళీ రియాక్టర్‌ని పరీక్షించారు గానీ చాలా తక్కువ పవర్‌లో ఆపేశారు. అదే 800, 900 వాట్లలో ఖాళీది నడిపి పక్కన పెట్టి చూస్తే ఎమిసివిటీ తప్పు ఆరోజే బయటపడేది.

నాకు ఇందులో బాధ కలిగించేది ఇదే. లోపల కొత్త ఫిజిక్స్ ఉందో లేదో తేల్చే అవకాశం ఉన్న టైమ్‌లో, ఒక ఖాళీ రన్ చెయ్యనందుకు అందరూ ఏళ్ళ తరబడి వాదించుకోవాల్సొచ్చింది. ఆ తర్వాత ఫ్లోరిడాలో రోస్సీ మెగావాట్ ప్లాంట్, దాని మీద 2016లో కోర్టు కేసు, 2017 జూలైలో రాజీ, దాంతో ఆ కొలతలు కూడా తేలకుండానే పోయాయి.

నికెల్_పొడి:

అందరికీ పేరుపేరునా థాంక్స్, ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. ఒక చివరి ప్రశ్న. ఈ-క్యాట్ వదిలేస్తే, మెటల్‌లో ఫ్యూజన్ అనే ఐడియా మొత్తానికే చచ్చిపోయిందా? గూగుల్ వాళ్ళు డబ్బు పెట్టి చూశారని విన్నా.

లాటిస్:

చావలేదు అండి, పరిమాణం తగ్గింది. గూగుల్ 2015 నుంచి కోటి డాలర్లు పెట్టి, ముప్పై మంది దాకా పరిశోధకులతో చేయించింది, 2019లో నేచర్‌లో వచ్చింది: అదనపు వేడి ఎక్కడా దొరకలేదు, నికెల్-హైడ్రోజన్ పొడులు కూడా వేడిచేసి చూశారు. కానీ ఆ పనిలోంచే మంచి కెలోరీమీటర్లు (వేడి కొలిచే పరికరాలు) వచ్చాయి, పల్లాడియంలోకి హైడ్రోజన్ ఎక్కువ ఎక్కించడం ఎంత కష్టమో తెలిసింది. 2020లో నాసా వాళ్ళు డ్యూటీరియం నింపిన ఎర్బియం, టైటానియం మీద 2.9 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల లోపు ఎక్స్-రేలు కొట్టి ఫ్యూజన్ న్యూట్రాన్లు చూశారు. 2025లో బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ బృందం ఒక పల్లాడియం రేకుకి ఒకవైపు ప్లాస్మాలోంచి డ్యూటీరియం అయాన్లు కొడుతూ, రెండోవైపు ఎలక్ట్రోకెమిస్ట్రీతో డ్యూటీరియం ఎక్కిస్తే ఫ్యూజన్ రేటు సగటున 15 శాతం పెరిగిందని చూపించింది. వేడిని కాదు, న్యూట్రాన్లని లెక్కపెట్టారు, అందుకే నమ్మకంగా ఉంది. పెట్టిన కరెంటుతో పోలిస్తే వచ్చిన ఎనర్జీ లెక్కలోకే రాదు, కానీ కరెంటు మార్చి ఫ్యూజన్ రేటుని మార్చగలిగారు కదా, 1989లో జనం కోరుకున్నది అలాంటి ఒక్క గట్టి మీటనే.

సీసం_గోడ:

నాది ఒక్క మాట. రేపు ఎవరైనా కొత్త నికెల్ డబ్బా తెచ్చారనుకోండి, థియరీ అడగొద్దు. ఆపేసిన పది నిమిషాల తర్వాత పక్కన గామాల ఎనర్జీ కొలిచే ఒక జెర్మేనియం డిటెక్టర్ పెట్టనిస్తారా అని అడగండి. 511 దగ్గర గీత కనపడి, 3.3 గంటల్లో సగానికి పడిపోతే, నేను రాసిన పైదంతా కొట్టేసి మళ్ళీ మొదటినుంచి కూర్చుంటా.

నికెల్_పొడి:

డిటెక్టర్ పెట్టనిస్తే పక్కనే అదే పవర్‌లో ఒక ఖాళీ డబ్బా కూడా నడపమని కెలోరీ గారి తరఫున నేను అడుగుతా. ఇంకో సంగతి, పల్లాడియంలో స్క్రీనింగ్ థియరీ చెప్పినదానికంటే ఎందుకు ఎక్కువ వస్తోందో తేలలేదని లాటిస్ గారు అన్నారు కదా, దాని మీద విడిగా ఒక ప్రశ్న పెడుతున్నా, అక్కడికి రండి.